చిన్న ల్యాప్‌టాప్‌లో మా ఇంటి రేడియో

మా డాబా మీద డిష్ పెట్టించిన రోజు మా మరిది ఛానెళ్ళన్నీ వరసగా తిప్పి చూపించాడు. సినిమాలు, వార్తలు, పిల్లల బొమ్మలు అన్నీ అయిపోయాక ఒక నల్ల తెర వచ్చింది. బొమ్మ లేదు, మాట మాత్రం వస్తోంది. ఎవరో పెద్దాయన మిరప తోటకు పురుగు ఎలా పడుతుందో చెబుతున్నాడు, అచ్చం మా గుంటూరు వైపు యాసలో.

"గిది ఉత్త రేడియో వదినె. ఎవరింటరు" అని మరిది తిప్పేయబోయాడు. నేను రిమోట్ లాక్కున్నాను. టీవీలో రేడియో వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పగటిపూట టీవీ అంటే ఆ నల్ల తెరే. తెల్లారి భక్తి గీతాలు, తర్వాత ధరలు, మధ్యాహ్నం పాత పాటలు, అప్పుడప్పుడు ఒక నాటిక. నేను ఊరు వదిలి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ మాట వింటుంటే మా ఊరి మనుషులు వంటింటి గడప దగ్గర కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండేది.

మాది లింగంపల్లిలో రెండు గదుల ఇల్లు. నేను, నా చెల్లెలు, చెల్లెలి భర్త, మా పిల్ల, నలుగురం. మరిది మెదక్ వైపు మనిషి, జీడిమెట్లలో మందుల కంపెనీలో పని. పిల్లకు హైటెక్ సిటీలో ఉద్యోగం. వేరేవాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే దాని పని అని చెబుతుంది. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక అపార్టుమెంటులో వంట చేస్తాను. సోమవారం పొద్దున వెళితే శనివారం మధ్యాహ్నం ఇంటికి వస్తాను. నేను లేని రోజుల్లోనూ చెల్లెలు పగలంతా ఆ రేడియోనే పెట్టి ఉంచుతుంది.

మా పిల్ల అన్నాను. కన్నది నా చెల్లెలు. కాన్పయిన వెంటనే చెల్లెలికి జ్వరం పట్టుకుని మూడు నెలలు దవాఖానాలోనే ఉంది. నేను అప్పటికి మా ఆయనను మట్టి చేసి ఏడాది కాలేదు, నాకు పిల్లలు లేరు. వారం తిరక్కుండానే బిడ్డను నా ఒళ్ళో పెట్టారు. చెల్లెలు కోలుకుని ఇంటికి వచ్చేసరికి అది నా చంక దిగితే ఏడ్చేది. ఏడుస్తుందని నా దగ్గరే ఉంచారు. మాటలు వచ్చాక నన్ను అమ్మా అంది, కన్నతల్లిని పిన్నీ అంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ దిద్దలేదు. అందరం ఒకే కప్పు కింద ఉన్నాం కదా, కాగితాలు ఎందుకు అనుకున్నాం. చెల్లెలికి తర్వాత పిల్లలు కలగలేదు.

నేను పనిచేసే ఇల్లు పంతొమ్మిదో అంతస్తు. కిటికీలన్నీ మందపాటి అద్దాలు. కింద రోడ్డు మీద అన్ని కార్లు పోతున్నా లోపలికి చీమ చప్పుడు రాదు. సారు, మేడం ఆఫీసుకు, బాబు బడికి పోయాక ఆ నిశ్శబ్దంలో నాకు నా గిన్నెల మోతే గట్టిగా వినపడేది. ఒక శనివారం ఇంట్లో ఆ మాటే అన్నాను. పిల్ల విన్నట్టు కూడా లేదు. కానీ మరుసటి ఆదివారం చర్చి నుంచి రాగానే చీరెకొంగు నడుముకు దోపుకుని టీవీ ముందు కూర్చుంది.

గాజు పగిలిన తన పాత ఫోన్‌ను టీవీ స్పీకరుకు ఆనించి రబ్బరు బ్యాండు వేసింది. డిష్ డబ్బా నుంచి తీగ పెడితే ఇంకా బాగా వస్తుందట గానీ ఆ తీగ దీనికి సరిపోలేదు. ఫోన్ విన్నదంతా ఇంటి వైఫై మీదుగా తన కాలేజీ రోజుల చిన్న ల్యాప్‌టాప్‌కు పంపుతుందని చెప్పింది. ఆ ల్యాప్‌టాప్ చపాతీ పీటంత ఉంటుంది, రెండు మీటలు ఊడిపోయాయి. "అమ్మా, దీన్ని పనింటికి తీసుకెళ్ళు, మేడం వాళ్ళ వైఫైకి కలుపుతారు. నువ్వు మూత తెరిచి ఈ పచ్చ గుర్తు నొక్కడమే. మాట అర నిమిషం లేటుగా వస్తుంది, కంగారు పడకు" అంది.

"ఫోన్లోనే రేడియో పెట్టుకోవచ్చుగా అక్కా, ఇంత సర్కస్ ఎందుకు" అంది చెల్లెలు.

ఎందుకంటే ఫోన్లో వచ్చేది ఊరందరి రేడియో. నాకు కావలసింది మా ఇంట్లో మోగే రేడియో. పంతొమ్మిదో అంతస్తులో ఉల్లిపాయలు తరుగుతుంటే మధ్యాహ్నం పాటల వెనక లింగంపల్లి స్టేషనులో రైలు కూత వినపడేది. మా కుక్కర్ కూత కూడా వినపడేది. ఒకరోజు లెక్కపెట్టి చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఐదో విజిల్ అయింది. పప్పు మాడుతోంది, పొయ్యి కట్టెయ్."

"అమ్మో, నువ్వు అక్కడ వంట చేస్తున్నావా, ఇక్కడా" అని చెల్లెలు నవ్వి నవ్వి దగ్గింది. సాయంత్రం మరిదికి చెబితే, "ఇగ మనింట్ల పోలీస్ టేషన్ పెట్టినట్టే" అన్నాడట. కానీ ఆరు దాటాక నేను విననని అందరికీ తెలుసు. ఆ వేళకు మేడం వాళ్ళు ఇంటికి వచ్చేస్తారు, నేను మూత మూసేస్తాను.

మా ఇంట్లో ఏడింటికి కుటుంబ ప్రార్థన. టీవీ ఆపి, చాప వేసి, ఒక పాట పాడి, వరసగా అందరం ప్రార్థన చేస్తాం. మా వాళ్ళలో ప్రార్థన అంటే పైకి వినపడేలా చేయడమే. ఎదుటి మనిషితో చెప్పలేనిది కళ్ళు మూసుకుని దేవుడితో చెబితే పక్కన కూర్చున్నవాళ్ళకూ చేరుతుంది. మా ఇంట్లో సగం తగాదాలు అలాగే తీరాయి. ఒకసారి మరిది, "ప్రభువా, నా భార్యకు కూరల ఉప్పు జర తక్కువేసే జ్ఞానమియ్యి" అని ప్రార్థించాడు. చెల్లెలు తన వంతు రాగానే, "నా భర్తకు వేళకి ఇంటికొచ్చే బుద్ధినియ్యి తండ్రీ, కూర చల్లారితే ఉప్పెక్కువగానే ఉంటుంది" అంది. పిల్ల కళ్ళు మూసుకునే కిసుక్కున నవ్వింది. అందరి తర్వాత పెద్దవాళ్ళు ముగించాలి. నేనున్న రోజుల్లో ఆ వంతు నాది.

ఒక మంగళవారం మేడం వాళ్ళు ఏదో ఫంక్షనుకు వెళ్ళారు, భోజనాలు అక్కడే. ఇంట్లో ఒక్కదాన్నే. చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ ల్యాప్‌టాప్ తెరిచాను. రేడియోలో వార్తలు వస్తున్నాయి. కాసేపటికి ఠక్కున ఆగిపోయింది. ప్రార్థన వేళ కదా, టీవీ ఆపి ఉంటారు. టీవీ ఆపితే అంతా ఆగిపోయినట్టే అనుకున్నారు వాళ్ళు. ఫోన్ మాత్రం వింటూనే ఉంది. చాప విదిలించిన చప్పుడు, మరిది గొంతు సవరించుకోవడం నాకు వినపడ్డాయి. నాకు సంతోషం వేసింది. పని రోజుల్లో ప్రార్థనలో కూర్చోవడం నాకు ఏళ్ళుగా లేదు. చేతులు కడుక్కుని కొంగు నెత్తి మీద వేసుకున్నాను.

పాట అయింది. మరిది మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థన ఎప్పుడూ పాస్టరుగారి భాషలో మొదలై మెల్లగా మెదక్ చేరుతుంది.

"పరిశుద్ధుడవైన మా తండ్రీ, ఈ దినమంతయు మమ్మును కాపాడిన నీకు స్తోత్రములు. శుక్రారం నాడు పిల్లను చూడనీకి వస్తున్నరు తండ్రీ. మంచి కుటుంబం, ఆ తల్లి పెద్ద బడిల హెడ్ మాస్టరమ్మ. అంతా మంచిగ కుదిరేటట్టు చెయ్యి. పిల్లకు తల్లిదండ్రులం మేమే అని చెప్పినం. అది అబద్ధం గాదు, నీకు ఎర్కే. మా వదినె మనసుకు కష్టం గాకుండ నువ్వే ఆమెను తయారు చెయ్యి."

తర్వాత చెల్లెలు. గొంతులో ఏడుపుంది. "అక్క డ్యూటీలో ఉండగానే ఇది అయిపోయేలా చూడు తండ్రీ. తర్వాత మెల్లగా నేనే చెప్పుకుంటాను."

మూత మూసేయొచ్చు. నా చెయ్యి దాని మీదే ఉంది. పిల్ల వంతు ఇంకా రాలేదని ఉంచాను. అది మామూలుగా ఇంగ్లీషూ తెలుగూ కలిపి గబగబా చేస్తుంది. ఆ రోజు నెమ్మదిగా చేసింది.

"యేసయ్యా, పెద్దమ్మకి చెప్పే ధైర్యం నాకివ్వు. పెద్దమ్మని బాధపెట్టకుండా చూడు."

పెద్దమ్మ ఎవరా అని ఒక్క క్షణం వెతికాను. మా చుట్టాల్లో ఉన్న పెద్దమ్మలందరినీ తలుచుకున్నాను. తర్వాత అర్థమైంది. దేవుడి ముందు తడబడకూడదని ముందే అలవాటు చేసుకున్నట్టు, ఎక్కడా ఆగకుండా అంది ఆ మాట.

ముగ్గురూ ఆమెన్ అన్నారు. నా నోటి నుంచి కూడా అలవాటుగా ఆమెన్ వచ్చేసింది. మాట అర నిమిషం లేటుగా వస్తుంది కదా, అప్పటికే వాళ్ళు లేచి చాప చుట్టేసి ఉంటారు. నేనొక్కదాన్నే కొంగు నెత్తిమీద పెట్టుకుని ఇంకా ప్రార్థనలో ఉన్నాను.

మరునాడు బుధవారం. పిల్ల ఆఫీసు మా బాల్కనీలోంచి కనపడుతుంది, నీలం అద్దాల భవనం. బుధవారాలు అది మధ్యాహ్నం మా గేటు దగ్గరికి వస్తుంది, నేను అన్నం డబ్బా కిందికి తెచ్చి ఇస్తాను. మేడం అనుమతితోనే. ఆ రోజు దానికిష్టమైన గోంగూర రొయ్యలు చేశాను. లిఫ్టులో దిగుతూ అనుకున్నాను, ఇప్పుడు చెబుతుంది. ధైర్యం అడిగింది కదా, వచ్చి ఉంటుంది. అది చెప్పిన క్షణంలో నిన్నటిదంతా మర్చిపోతాను, నాకు ముందే తెలుసని కూడా దానికి తెలియనివ్వను అనుకున్నాను.

మెడలో ఆఫీసు కార్డు వేసుకుని సెక్యూరిటీ గది నీడలో నిలబడి ఉంది. డబ్బా మూత కొంచెం తీసి వాసన చూసింది.

"రొయ్యలా. ఏంటమ్మా స్పెషల్?"

"ఊరికే. ఏంటి సంగతులు?"

"ఏముంటాయి. రిలీజు ఉంది, చచ్చే పని."

"శుక్రవారం సెలవు ఏమైనా పెట్టావా?"

దాని చెయ్యి మూత మీదే ఆగింది. "ఎందుకు?"

"ఊరికే అడిగా."

"వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకున్నా" అంది. తర్వాత చెప్పుల వైపు చూస్తూ, "రేడియో బాగా వస్తోందా?" అంది.

"వస్తోంది."

ఇంకా కాసేపు నిలబడ్డాను. సెక్యూరిటీ అబ్బాయి కారుకు గేటు తీయడానికి మమ్మల్ని జరగమన్నాడు. పిల్ల డబ్బా ఊపి, "బై అమ్మా" అని వెళ్ళిపోయింది. నా ముందు మళ్ళీ అమ్మా అనే అంది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం నేను ల్యాప్‌టాప్ తెరవలేదు. తెరిస్తే అన్నీ వినపడతాయని తెలుసు. వచ్చినవాళ్ళ చెప్పుల చప్పుడు, టీ గ్లాసులు, చెల్లెలు నా బిడ్డండీ అనడం, అన్నీ. మంగళవారం తెలియక విన్నాను. తెలిసి వినడం దొంగతనం. దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి పైన తువ్వాలు కప్పాను. ఆ రోజు మేడం ఇంటి నుంచే పని చేస్తోంది. మధ్యలో మంచినీళ్ళకు వచ్చింది. నిజామాబాద్ అమ్మాయి, నన్ను ఆంటీ అంటుంది.

"ఇయ్యాల రేడియో పెట్టలేదేంది ఆంటీ?"

"ఇంట్లో చుట్టాలొచ్చారమ్మా. వాళ్ళ మాటల్లో పాట వినపడదు."

"మరి మీరు పోలేదేంది?"

నేను పోపు వేగుతోందని పొయ్యి వైపు తిరిగాను.

శనివారం ఇంటికి వెళ్ళేసరికి కిటికీలకు ఉతికిన పరదాలు ఉన్నాయి. ఫ్రిజ్‌లో సగం ఖాళీ అయిన మిఠాయి పెట్టె ఉంది. ఎవరు తెచ్చారని అడిగితే మరిది, "కంపెనీల ఇచ్చిండ్రు వదినె" అన్నాడు. చెల్లెలు గబగబా నాకు టీ పెట్టింది, అడక్కుండానే అల్లం వేసింది. పిల్ల నా పక్కనే కూర్చుని నా వేళ్ళు విరుస్తూ ఫోన్ చూసుకుంటోంది. వాళ్ళు ముగ్గురూ నన్ను అంత బాగా చూసుకున్న సాయంత్రం నాకు ఇంకొకటి గుర్తులేదు.

ఏడింటికి చాప వేశారు. పాట అయింది. మరిది ప్రార్థనలో వానలకు, కంపెనీకి, దేశ నాయకులకు అన్నిటికీ చోటు దొరికింది, శుక్రవారానికి దొరకలేదు. చెల్లెలు రెండు మాటల్లో ముగించింది. పిల్ల ఇంకా చిన్నగా. నా వంతు వచ్చింది. ముగ్గురూ కళ్ళు మూసుకుని తలలు వంచుకున్నారు.

నేను కళ్ళు తెరిచాను. "నేను దేవుడికి చెప్పను. మీకే చెబుతాను. మంగళవారం ప్రార్థన నేను విన్నాను" అన్నాను.

మరిది తల తిప్పి టీవీ పక్కన ఉన్న ఫోన్‌ను చూశాడు. లేచి వెళ్ళి దాని మీద తన తువ్వాలు కప్పి వచ్చి కూర్చున్నాడు. ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్ళం.

"దేవుడికి చెప్పారు. నాకు చెప్పలేదు. ఆయనకు తెలియదనా? తెలియనిది నాకు కదా."

"చెబుదామనే వదినె. నీకు ఎట్ల చెప్పాల్నో..." అని మరిది ఆగిపోయాడు.

"నేను వద్దంటానని భయపడ్డారా? అబ్బాయి మంచివాడైతే నేనెందుకు వద్దంటాను?" పిల్ల వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. నేను వంట పని చేస్తానని వాళ్ళకు చెప్పావా?"

"అది కాదమ్మా. ఎక్స్‌ప్లెయిన్ చేయడం కష్టం. వాళ్ళు సింపుల్‌గా అడిగారు, అమ్మా నాన్నా ఏం చేస్తారని. ఆధార్‌లో ఉన్నది చెప్పాను."

"నా గురించి ఏం చెప్పావు?"

"పెద్దమ్మ ఉందని చెప్పాను."

"ఎక్కడుందని చెప్పావు?"

చాప అంచు పీకుతూ కూర్చుంది. చెల్లెలే అందుకుంది. "చుట్టాలింట్లో ఉంటుందని నేను చెప్పానక్కా. దాన్ని అనకు. నన్నను."

"అనడానికే అడుగుతున్నా. నీకెలా నోరొచ్చింది?"

చెల్లెలు నా కంటే ఆరేళ్ళు చిన్న. ఎప్పుడూ నాకు ఎదురు చెప్పినది కాదు. ఆ రోజు చెంగుతో ముక్కు తుడుచుకుని తిన్నగా చూసింది.

"ఇరవై నాలుగేళ్ళు పిన్నినయ్యానక్కా. నా కడుపున పుట్టింది నన్ను పిన్నీ అంటుంటే అన్నం వడ్డించాను. నీకెవరూ లేరని నోరెత్తలేదు. ఒక్కరోజు, ఆ ఒక్కరోజు దాని పక్కన అమ్మగా కూర్చోవాలనిపించింది. నిన్ను అడిగితే ఇస్తావా?"

అడిగి ఉంటే ఇచ్చేదాన్నా? ఇప్పటికీ తెలియదు. అడగలేదు కాబట్టి ఇచ్చేదాన్నేమో అనుకునే వీలు నాకుంది. అది కూడా మోసమే, నన్ను నేను చేసుకునేది.

"సరే. నువ్వే అమ్మగా కూర్చో" అని చెల్లెలితో అన్నాను. పిల్ల వైపు తిరిగి, "నాకు ఒక్కటే కావాలి" అన్నాను. "నేను తల్లినని చెప్పమనను. ఎవరు పెంచారో చెప్పు. వంట చేసి పెంచిందని చెప్పు. ఆ అబ్బాయి తల్లి పిల్లలకు చదువు చెప్పే మనిషి, అర్థం కాకపోదు."

పిల్ల నా మోకాలి మీద చెయ్యి వేసింది. "చెబుతానమ్మా. ప్రామిస్. పెళ్ళయ్యాక చెబుతాను."

అంతే. దాని తరఫున అంతవరకూ నాలో ఎవరో ఒకరు వాదిస్తూనే ఉన్నారు, చిన్నపిల్ల, భయపడింది, తల్లిదండ్రుల మాట కాదనలేకపోయింది అని. ఆ మాటతో వాదించే మనిషి లేచి వెళ్ళిపోయింది.

భోజనాల ముందే పిల్ల టీవీకున్న రబ్బరు బ్యాండు తీసి ఆ పాత ఫోన్ విప్పేసింది. "ఇలా ఎప్పుడూ ఆన్‌లో ఉండటం సేఫ్ కాదమ్మా" అంది. నన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం వారుస్తుంటే పిల్ల ఫోన్ మోగింది. అది మాట్లాడుతూ మాట్లాడుతూ వంటింట్లోకి వచ్చింది. ముఖం తెల్లబోయి ఉంది. ఫోన్‌ను అరచేత్తో మూసి, "అబ్బాయి వాళ్ళమ్మగారు. నీతో మాట్లాడతారట" అంది. ఇంకేమీ అనలేదు. కళ్ళతోనే అడిగింది. చిన్నప్పుడు మార్కుల కాగితం మీద నా సంతకం కోసం నిలబడినప్పుడు అలా చూసేది.

తడి చెయ్యి తుడుచుకుని అందుకున్నాను.

"నమస్కారమండి. పెద్దమ్మగారా?" అందావిడ. మెత్తటి గొంతు, ఏలూరు వైపు మాట. "మొన్న వచ్చినప్పుడు మీరు లేరు. చూడాలనుకున్నాను."

ఏం చెప్పినా చెప్పొచ్చు. పిల్ల నా పక్కనే, నా ఊపిరి కూడా వినేంత దగ్గరగా ఉంది. చెల్లెలు గుమ్మంలో నిలబడింది.

"అవునండి. పెద్దమ్మనే" అన్నాను.

పిల్ల ఊపిరి వదిలింది. నా భుజం ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. మిగతా మాటలు వినాలని కూడా అనుకోలేదు. పక్క గదిలో ఫ్యాను వేసుకుని, అద్దం ముందు జడ విప్పుకుంటూ ఉండటం గుమ్మంలోంచి కనపడింది.

"పాప మీ వంట గురించే చెప్పిందండి" అంటోంది ఆవిడ. "గోంగూర రొయ్యలట. నేనెప్పుడు చేసినా రొయ్య గట్టిపడుతుంది. మీరెలా చేస్తారు?"

"రొయ్యలు ముందే వెయ్యకూడదండి" అన్నాను. "గోంగూర విడిగా మగ్గాలి. పులుపు తగిలాక రొయ్య ఎక్కువసేపు ఉంటే బిగుసుకుపోతుంది. దించే ముందు వేసి, మూత పెట్టి, ఇక దాని జోలికి పోకూడదు."

"రాసుకుంటానుండండి" అందావిడ, పెన్ను వెతుక్కుంటూ.

నేను గంజి వారేలా గిన్నె ఒంచి పట్టుకుని, ఆవిడ రాసుకునేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.